బట్టతల మీద జడలు

రెగ్గే సంగీతం జమైకాలో పుట్టిందని మీరంటే సువార్తరావు జాలిగా నవ్వుతాడు. రాజోలు అవతల రేవులో వాళ్ళ మావయ్య పడవ ఇంజను చెడిపోయి, ఒక దెబ్బ కొట్టి ఒక దెబ్బ మింగుతూ ఒడ్డుకొచ్చిందట. ఆ చప్పుడే గోదావరిలోంచి సముద్రంలో పడి జమైకా చేరిందట. "మధ్యలో ఆఫ్రికా అడ్డం రాదా?" అని ఎవరైనా అంటే, "చప్పుడుకి వీసా ఎందుకండీ?" అంటాడు. పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో మానేసిన సంగతి కూడా అంతే. "ఆ కాలేజీకి నన్ను భరించే స్తోమత లేకపోయింది."

అంతటివాడు ఇప్పుడు దోహాలో ఏసీలు బాగుచేస్తున్నాడు. ఐన్ ఖాలిద్‌లో ఒక విల్లాను వాటాలు చేసి అద్దెకిస్తే, అందులో ఒక వాటాలో, అక్కడి స్కూల్లో పనిచేసే భార్య సుసన్నతో కాపురం. కూతురు కాకినాడలో ఇంజనీరింగ్ చదువుతోంది. యాభైకి దగ్గరపడ్డ ఆ తల నడినెత్తిన నున్నగా ఉంటుంది, చెవుల పైన మాత్రం కాస్త పచ్చిక మిగిలింది. అక్కడ సెలవురోజైన శుక్రవారం తెలుగు చర్చి ఆరాధనలో బేస్ గిటారు చాలాకాలం ఆయనదే. ఈమధ్యనే అది పాల్ అనే కుర్రవాడి చేతికి మారింది.

"బ్రదర్, మీరు వాయిస్తుంటే పాటకి ఊపిరాడట్లేదండి," అన్నారు పాస్టరు ఏబెల్‌గారు. "సందు కనబడితే చాలు, దూరిపోతున్నారు."

ఆ మాట నిజమేనని సువార్తరావుకీ తెలుసు. మాటల్లోనైనా పాటలోనైనా ఖాళీ కనిపిస్తే ఆయనకి దురద. అయినా ఒప్పుకుంటే సువార్తరావు ఎలా అవుతాడు?

"వార్షికోత్సవానికి అసలుసిసలు జమైకా వరస పట్టుకొస్తానండి అయ్యగారూ. పాల్ ముందువరస బల్ల మీద కూర్చుని నేర్చుకోవచ్చు."

"పట్టుకురండి. విన్నాక గిటారు ఎవరిదో చూద్దాం."

అదీ పందెం. గిటారు దక్కకపోతే తర్వాతి శుక్రవారం నుంచి కుర్చీలు సర్దే కమిటీయే గతి.

దేవుడు గొప్పలు చెప్పేవాళ్ళ పక్షాన కూడా ఒక్కోసారి ఉంటాడు. ముషైరిబ్‌లో ఒక హోటల్ రిహార్సల్ గదిలో ఏసీ కారుతోందని డ్యూటీ పడింది. నిచ్చెన కింద కూర్చుని బేస్ వాయిస్తున్న మనిషికి నడుము దాకా జడలు. పేరు వింటన్, ఊరు కింగ్‌స్టన్. సువార్తరావు నిచ్చెన మీదనుంచే శిష్యరికం అడిగాడు.

"ముందు ఛాతీ మీద చెయ్యి పెట్టుకో," అన్నాడు వింటన్. "ఏం వినిపిస్తోంది?"

"బీపీ."

వింటన్ నవ్వలేదు. తాను రాస్తా మతస్థుడినని చెప్పాడు. కొండల మీద వాళ్ళ కూటాల్లో పెద్ద డోలును గుండె కొట్టుకున్నట్టే కొడతారట, తెల్లవార్లూ కీర్తనలు పాడతారట. కింగ్‌స్టన్ పేటల్లోని పాటగాళ్ళు ఆ కూటాల్లో కూర్చుని, ఆ డోలు నడకను తమ పాటల్లోకి తెచ్చుకున్నారట. పేదవాణ్ణి తొక్కే రాజ్యం వాళ్ళకి బైబిల్లోని బబులోను, ఆఫ్రికా తిరిగి చేరాల్సిన సీయోను. వాళ్ళలో చాలామందికి ఇథియోపియా చక్రవర్తే దిగివచ్చిన దేవుడు. పాస్టరుగారికి ఈ చివరి ముక్క అనువదించకూడదని సువార్తరావు అక్కడికక్కడే తీర్మానించుకున్నాడు.

బాగా నచ్చింది ఇంకొకటి. రాస్తాలు 'మనం' అనరట, 'నేనూ నేనూ' అంటారట. నీలోనూ నాలోనూ ఉన్న దేవుడు ఒక్కడేనని దాని అర్థం. అర్థం సంగతి అలా ఉంచితే, ఒక్క నేనుతోనే ఐన్ ఖాలిద్‌ను హడలెత్తించినవాడికి రెండు నేనులు దొరకడమంటే మాటలా!

పాఠం మాత్రం చిన్నది. "నాలుగు దెబ్బల్లో మొదటిది వదిలెయ్."

"వదిలేసి ఏం వాయించాలి?"

"ఏమీ వాయించకు. ఊరుకో."

"డ్యూటీలో ఉండి ఊరికే ఎలా ఉంటామండీ?"

ఎన్ని సాయంత్రాలు కూర్చున్నా వేలు ఊరుకోలేదు. లోపం తనది కాదు, తిండిదీ జుట్టుదీ అని తేల్చుకున్నాడు సువార్తరావు. వింటన్ మాంసం తినడు, ఉప్పు వేసుకోడు, జుట్టు కత్తిరించడు. సుసన్న ఉప్పులేని పప్పు వండి పెట్టి, తను మాత్రం ఎదురుగా కూర్చుని రొయ్యల ఇగురు తింది. చెవుల పైన పచ్చిక పెరిగి, జిగురు రాసి మెలితిప్పితే రెండు వైపులా మేకపిల్ల కొమ్ముల్లా లేచింది. నడినెత్తి మాత్రం ఎప్పటిలాగే ఎడారి.

శుక్రవారం తెరెసా ఆంటీ ఆ కొమ్ముల్ని చూసి చేతులు జోడించింది. ఆవిడ పుట్టుకతో కేథలిక్, విజయవాడ మనిషి. "గుణదల మాతకి తలనీలాల మొక్కా నాయనా? ఏం కోరుకున్నావు?"

గిటారు కోసమంటే పాల్ ముందు పరువు పోతుంది. "చెప్పకూడదాంటీ," అన్నాడు సువార్తరావు గంభీరంగా.

చెప్పని మొక్కుకి అర్థం ఆడవాళ్ళే చెప్పుకున్నారు. కూతురు ఉంది, లేనిది కొడుకే కదా! మర్నాటికల్లా సుసన్న గుమ్మంలో సంచెడు పచ్చిమామిడికాయలు.

"నలభై ఏడేళ్ళొచ్చాయండీ నాకు!" అంది సుసన్న, ఒక కాయ ఆయన మీదకి విసిరి. "మా స్కూల్లో టీచర్లంతా నన్ను కుర్చీలోంచి లేవనివ్వట్లేదు. వార్షికోత్సవంలో మైకు తీసుకుని నిజం చెప్తారా, ఆ కొమ్ములు నన్ను పీకమంటారా?"

నిజం చెబితే గిటారు పోయినట్టే. సువార్తరావు వింటన్ దగ్గరకి పరుగెత్తాడు. "నేనూ మీ మతం మొక్కే మొక్కానని ఒక్క మాట ఫోన్లో మా ఆవిడతో చెప్తారా?"

వింటన్ ఆ కొమ్ముల్ని చూశాడు. పెదవి బిగబట్టుకుని నవ్వు ఆపుకున్నాడు గానీ మాట మెత్తబడలేదు. "ఇవి వాయించడానికి పెంచేవి కావు బ్రదర్. నేను దేవుడికి మాటిచ్చి పెంచాను. నువ్వెవరికిచ్చావు?"

సువార్తరావు ఫోను జేబులో పెట్టుకుని ఇంటిదారి పట్టాడు.

వార్షికోత్సవం రోజు పాస్టరుగారు మైకు అందించారు. "బ్రదర్ సువార్తరావు మొక్కు గురించి సాక్ష్యం చెబుతారు."

హాలంతా ఆమెన్ అంది. తెరెసా ఆంటీ అప్పుడే కళ్ళు తుడుచుకుంటోంది.

"మొక్కు లేదండి," అన్నాడు సువార్తరావు. "కొడుకూ లేడు. పాల్ దగ్గర్నుంచి గిటారు లాక్కోవడానికి జుట్టు పెంచాను. ఆ జుట్టు దేవుడికి మాటిచ్చినవాళ్ళది. నాకు అంత భక్తి లేదు. ఉన్నదల్లా ఈ కొమ్ములే. మామిడికాయలు పచ్చడి పెట్టాం, కావలసినవాళ్ళు వచ్చి పట్టుకెళ్ళండి."

ముందు ఎవరో చిన్నగా కిసుక్కుమన్నారు, తర్వాత హాలు కప్పు లేచిపోయింది. అందరికంటే గట్టిగా నవ్వింది సుసన్న.

"మరి ఆ జమైకా వరసైనా ఉందాండీ, అదీ ఇంతేనా?" అన్నారు పాస్టరుగారు.

పాల్ తనంతట తానే గిటారు తెచ్చి చేతిలో పెట్టాడు. "కానివ్వండి అంకుల్."

అందరికీ తెలిసిన పాటే ఎత్తుకున్నారు. సువార్తరావు మొదటి దెబ్బ వదిలేశాడు. వేలు తీగ దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. సరిగ్గా ఆ ఖాళీలో హాలంతా చప్పట్లు కొట్టింది. అలవాటైన చోట కొట్టిన చప్పట్లే అవి. ఇన్నేళ్ళూ ఈయన గిటారు కింద నలిగిపోయేవి. మూడో చరణంలో ఒకసారి వేలు జారింది గానీ అప్పటికి ఎవరూ ఆయన్ని పట్టించుకోవడం లేదు, పాడుతున్నారు.

పాస్టరుగారి తీర్పు చిన్నదే. గిటారు పాల్‌దే. ఆ ఒక్క పాట మాత్రం సువార్తరావుది.

ఆ రోజు ఇంటికెళ్ళే దారిలో మళ్ళీ రొమ్ము విరుచుకున్నాడు. "చూశావా సుసన్నా, వాయించకుండా పేరు తెచ్చుకున్నవాడు ఖతర్ మొత్తం మీద నేనొక్కణ్ణే."

"వాయించినప్పుడు రాలేదుగా మరి," అంది సుసన్న. "పదండి, ముందు మంగలి షాపు."