ఉట్టెక్కిన కరెంటు బండి

ఇప్పుడంటే వీధికి పది కరెంటు బళ్లు చప్పుడు లేకుండా వెనక నుంచి వచ్చి గుండె ఝల్లుమనిపిస్తున్నాయి గానీ, ఆ రోజుల్లో (మరీ పాత కాలమేమీ కాదు, ఏడెనిమిదేళ్ల కిందట) సంతబొమ్మాళి దాటి సముద్రం వైపున్న మా ఊళ్లో అలాంటి బండి ఒక్కటే ఉండేది, అది నాది. డిగ్రీ అవగానే టెక్కలిలో ఒక కళ్లద్దాల షాపులో నాకు ఉద్యోగం దొరికింది. ఉద్యోగమంటే అద్దాలు తుడవడం, వచ్చినవాళ్ల చేత గోడ మీది అక్షరాలు చదివించడం, "ఈ ఫ్రేము మీ ముఖానికి బాగా నప్పిందండీ" అని అందరికీ ఒకే మాట చెప్పడం. అయినా సరే, ఆ ఉద్యోగానికి నేనిచ్చిన గౌరవం కలెక్టరు కూడా తన ఉద్యోగానికి ఇచ్చి ఉండడు. బస్సును నమ్ముకుంటే వారానికి రెండు రోజులు ఆలస్యమయ్యేది. "ఎందుకే ఈ అవస్త? ఇంటికాడుండి జీడిపిక్కలు కొట్టుకుంటే సాలదేటి?" అని అమ్మ రోజూ అనేది. అది విని విని నాన్న పలాసలో ఎవరో నడిపి విసిగిపోయిన కరెంటు స్కూటరు ఒకటి బేరం చేసి తెచ్చాడు. లైసెన్సు అక్కర్లేని రకం. వేగం అంతంతమాత్రం, బరువు మాత్రం డెబ్బై కేజీలు. అమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఇదొచ్చినాక కూడా ఒక్కనాడు ఆలీసమైనాదంటే ఉద్యోగం మానీయాల, మరి మాటనేదు" అని తేల్చేసింది. నేను సరేనన్నాను. ఇరవై రెండేళ్ల వయసులో మనం దేనికైనా సరేననేస్తాం.

అసలు తంటా బండి పెట్టే చోటు దగ్గర వచ్చింది. మాది రెండు గదుల పెంకుటిల్లు. ఒక గది మనుషులది, రెండోది జీడిపిక్కల బస్తాలదీ కొబ్బరికాయలదీ. బయట పెడదామంటే మా ఊరి ఉప్పుగాలికి ఇనుమన్నది నిలవదు. పైగా మొదటి రోజే పక్కింటి మేక సీటు అంచు నమిలి రుచి చూసింది. నాన్న గది మధ్యలో నడుం మీద చేతులు పెట్టుకుని పైకి చూశాడు. "పెరుగుకుండకి ఉట్టి కడతాం కదా? బండికి కడితే తప్పేటి?" అన్నాడు. అమ్మ నవ్విందే గానీ నాయనమ్మ నవ్వలేదు. ఆ మధ్యాహ్నమే కొబ్బరి పీచు తాడు ముందేసుకుని కూర్చుని, రెండు రోజుల్లో ఏనుగుని కూర్చోబెట్టినా తెగనంత ఉట్టి అల్లి పెట్టింది. బావికి మోటారు వచ్చాక పనిలేక పడి ఉన్న గిలకను నాన్న తాటిదూలానికి బిగించాడు. తాడుకు ఒక కొసన ఉట్టిలో బండి, రెండో కొసన బండికి సరిగ్గా సరిపోయే బరువు తూగేలా కొబ్బరికాయలు నింపిన పెద్ద గోనెసంచి. సాయంత్రం నేను వచ్చి బండిని ఉట్టిలోకి ఎక్కించి తాడు లాగితే బండి పైకి పోయేది, సంచి నేలకు దిగేది. పొద్దున్నే సంచిని కింద నుంచి ఒక్క చేత్తో పైకి తోస్తే బండి దిగేది. అప్పుడు తాడును గుంజకు మెలికేసి, బండి తీసుకుని నేను టెక్కలి పోయేదాన్ని. ఊరంతా ఒకసారి వచ్చి చూసి వెళ్లారు. నాన్న వారం రోజుల పాటు ఇంజనీరులా నడిచాడు.

అమ్మకు కూడా ఈ ఏర్పాటు నచ్చింది, దానికి వేరే కారణం ఉంది. మా ఉద్దానం ప్రాంతంలో ఇంటికి వచ్చిన మనిషిని చేతిలో కొబ్బరికాయ పెట్టకుండా పంపడం నాయనమ్మ దృష్టిలో తిట్టి పంపడంతో సమానం. పాలుపోసే ఆమెకు కాయ, ఉత్తరం తెచ్చినాయనకు కాయ, దారి అడగడానికి ఆగిన మోటారు సైకిలతనికి రెండు కాయలు (అతనికి దూరం ఎక్కువట). అంతకు ముందటేడు తుపానుకు మా చెట్లు సగం పడిపోయాయి. ఇంక కాయలు పంచడానికి వీల్లేదని అమ్మ గట్టిగా చెప్పేసింది. కాయలు సంచిలోకి ఎక్కి తాడుకు కట్టేసుకోవడంతో అమ్మకు నిశ్చింత. "నా కూతురు బండి మీదున్నంతకాలం ఆటి మీద ఎవలూ సెయ్యెయ్యరు" అంది.

రెండు నెలలు గడిచి వానలు మొదలయ్యాయి. ఒకరోజు పొద్దున్న సంచిని ఒక్క చేత్తో తోస్తే కదల్లేదు, రెండు చేతులూ వేశాను. వారం తిరిగేసరికి భుజం కూడా పెట్టాల్సి వచ్చింది. సాయంత్రాలు మెలిక తీయగానే బండి నా సాయం లేకుండానే పైకి లేచిపోయేది. నాకు భయం వేసి నాన్నకు చెప్పాను. ఆయన సంచిని చూశాడు, ఎప్పటిలాగే నిండుగా ఉంది. అంటే మార్పు బండిలోనే అని నిర్ణయించాడు. చాలాసేపు గడ్డం గోక్కుని, "సార్జింగు దిగిపోతంది, అదీ సంగతి. నువ్వు రోజంతా తిప్పి కరెంటు కాల్సీసి తెత్తన్నావు. కాళీ అయిపోయిన బండి తేలికవదేటి?" అన్నాడు. నేను డిగ్రీలో భౌతికశాస్త్రం చదివిన మనిషిని. అయినా ఆ మాట విని తలూపాను. (ఈ సంగతి రాయకుండా దాటేద్దామనుకున్నాను గానీ, నిజం చెప్పకపోతే జ్ఞాపకాలెందుకు?) ఆ రోజు నుంచీ నాన్న నియమంగా బండికి ఛార్జింగు పెట్టేవాడు, అదీ ఉట్టి మీదికి పొడుగాటి వైరు లాగి. పొద్దున్న బండి దిగేముందు "బరువెక్కిందేటి?" అని కిందనుంచి తొంగి చూసేవాడు. బండి బరువెక్కలేదు.

ఇలా ఉండగా మా ఓనరు గారు ఫ్రేములు తేవడానికి విశాఖపట్నం వెళ్తూ, మొట్టమొదటిసారి షాపు తాళాలు నా చేతిలో పెట్టారు. "సోమవారం తొమ్మిదికల్లా షట్టరు తీసి ఫొటో తీసి నాకు పంపాలి. అది వస్తే నువ్వు ఇక్కడ పర్మినెంటు. రాకపోతే టైముకి వచ్చే మనిషి నాకు వేరే ఉన్నాడు" అన్నారు. ఆదివారం రాత్రి ఆ తాళాలు తలగడ కింద పెట్టుకుని పడుకున్నాను. సోమవారం తెల్లారేసరికి నాన్న కాయల లోడుతో పలాస వెళ్లిపోయాడు. ఏడున్నరకి తలదువ్వుకుని, బొట్టు పెట్టుకుని సంచి కిందకి చేతులు పెట్టాను. రాత్రంతా వాన పడిందేమో, సంచి తడిగా నేలకు అంటుకుపోయి ఉంది, ఒక్క అంగుళం కదల్లేదు. అమ్మను పిలిచాను. ఇద్దరం కలిసి మోకాళ్ల దాకా లేపాం. పైన బండి కూడా మోకాలెత్తే దిగింది, అక్కడి నుంచి మమ్మల్ని చూస్తూ ఊగింది. చేతులు జారి సంచి మళ్లీ నేల మీద కూలబడింది. బండి దూలానికి టక్కున తగిలింది. ఏడూ నలభై అయింది.

"సంచి మూతిప్పి నాలుగు కాయలు తీసేద్దాం" అంది అమ్మ. అంతవరకూ గుమ్మంలో చూస్తున్న నాయనమ్మ ఒక్క ఉదుటున వచ్చి సంచి మీద కూర్చుంది. "వద్దు. కాయలు తీస్తే తూకం సెడిపోతాది" అంది. "లేగు అత్తా, గుంటకి టైమవుతంది" అంది అమ్మ నన్ను చూపించి. "నానీడ కూకుంటే నీకేటి?" "నువ్వు కూకుంటే ఇంకా బరువు కదేటి!" అని అమ్మ నెత్తి కొట్టుకుంది. నాయనమ్మ లేవలేదు. నేను గోడ గడియారం వైపు చూశాను, అమ్మ మాట గుర్తొచ్చింది, ఓనరు గారి మాట గుర్తొచ్చింది. చేతిలో తాళాలు పట్టుకుని నేల మీద కూర్చుని భోరున ఏడ్చేశాను. ఉద్యోగం పోతోందని కాదు, పొద్దున్నే నాకంటూ వెళ్లడానికి ఒక చోటు ఉండటం నాకు అంత ఇష్టంగా ఉండేది, అది పోతుందని.

నాయనమ్మ నా వైపు చూసి మెల్లగా లేచి సంచి మూతికి తాను వేసిన ముడిని తానే విప్పింది. పైన నాలుగంటే నాలుగు కాయలు, వాటి కింద తెల్లగా, తడిగా ఉప్పు. కొబ్బరి మొదళ్లలో వేయడానికి నాన్న నౌపడ ఉప్పు మళ్ల నుంచి తెచ్చి దొడ్లో పెట్టిన ఉప్పు. "నానే తీసీనాను కోడలా" అంది నాయనమ్మ, అమ్మ ముఖం చూడకుండా. "ఇంటికొచ్చినోలు ఒట్టి సేతుల్తో ఎల్లిపోతంటే నాకు నాను కానట్టున్నాది. తీసినప్పుడల్లా సంచి కిందికి దిగిపోయీది, నీకు తెలిసిపోతాదని ఉప్పేసి మునపటిలాగే నింపినాను. నిన్న రావివలస ఆడోలు పది మందొచ్చినారు కదా..." కాయల మధ్య ఖాళీ ఉంటుంది, ఉప్పుకు ఖాళీ ఉండదు. దానికి తోడు వానగాలికి అది నీళ్లు తాగి కూర్చుంది. ఎత్తు చూసి నింపినావిడకు బరువు సంగతి తోచలేదు, డిగ్రీ చదివిన నాకూ తోచలేదు.

అమ్మ ఏమంటుందోనని నేను ఏడుపు కూడా ఆపేశాను. అమ్మ పొయ్యి దగ్గరికి వెళ్లి రెండు చేటలు తెచ్చి ఒకటి అత్త చేతికిచ్చింది. "ముందు గుంటని పంపు, తరవాత నిన్ను అడుగుతాను" అంది. ముగ్గురం ఉప్పు తోడి బిందెల్లోకి, గంగాళంలోకి, ఆఖరికి నా పాత స్కూలు సంచిలోకి ఎత్తాం. తోడగా తోడగా ఒక క్షణంలో తూకం కుదిరింది. బండి తొందరేమీ లేనట్టు, కొత్తకోడలు గృహప్రవేశం చేసినంత నిదానంగా కిందికి దిగింది. ఎనిమిదీ పదిహేను. నాన్న రాత్రంతా బరువు కోసం ఛార్జింగు పెట్టాడు కదా, బ్యాటరీ నిండా ఉంది. నౌపడ రైలు గేటు పడలేదు, దేవుడి దయ. ఎనిమిదీ యాభై ఎనిమిదికి షట్టరు లేపి, నేనూ కనపడేలా ఫొటో తీసి పంపాను. ఓనరు గారి దగ్గర్నుంచి జవాబు వచ్చింది: "సరే. తల మీద తెల్లగా ఏమిటది?"

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి సంచి నిండా కాయలే ఉన్నాయి. గుమ్మం పక్కన కొత్తగా ఒక బుట్ట, అందులో పది కాయలు. "అది సుట్టాలది" అంది అమ్మ, పొయ్యి వైపు తిరిగి. "అయిపోతే సెప్పు అత్తా, మల్లీ ఎడతాను. బండి సంచిలో మాత్రం సెయ్యెట్టకు." నాయనమ్మ ఆ బుట్టలోంచి మొదటి కాయ తీసి నాకే ఇచ్చింది. "ఉద్యోగం నిలబెట్టుకునొచ్చినావు, ఒట్టి సేతుల్తో లోనికి రాకు" అంది. నాన్న మాత్రం జరిగినదంతా విని, "ఉప్పుదేటున్నాది గానీ, సార్జింగు ఎట్టింది ఎవులు?" అని ఇప్పటికీ ఆ గెలుపు తనదేనంటాడు.

ఇప్పుడు పలాసలో నాదే ఒక చిన్న కళ్లద్దాల షాపు. పైన ఇల్లు, కింద బండి పెట్టే స్థలం లేదు. కొత్త బండిని మా ఆయన మీట నొక్కితే లేచే యంత్రంతో గోడకు తగిలిద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు, పాత గిలకనే తెప్పించి సంచీ కట్టించాను. పోయిన నెల నాయనమ్మ ఆటోలో వచ్చింది. నేను చేయించిన కళ్లద్దాలు ముక్కు మీదికి సర్దుకుని, కర్రతో సంచిని పొడిచి, "ఇందల ఏటున్నాదే?" అంది. "కాయలే" అన్నాను. నేను మంచినీళ్లు తెచ్చేలోపల ముడి విప్పి, తనను తెచ్చిన ఆటోవాడికి ఒకటి ఇచ్చి పంపేసింది. మర్నాడు బండి ఒక పిసరు తొందరగా దిగింది. ఆ రోజు తాళాలు పట్టుకుని నేల మీద ఏడ్చిన పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది, పాపం ఎంత కంగారు పడిందో. షాపు తెరవడానికి అప్పటికే పావుగంట ఆలస్యమైంది. అయినా తాపీగా లోపలికి వెళ్లి ఇంకో కాయ తెచ్చి సంచిలో వేశాను.