రెండు ట్యాంకుల బాబాయి బ్యాటరీ

డిప్లొమా పాసైన కొత్తలో మనిషికి తెలియని విషయం అంటూ ఉండదు. నాకూ ఉండేది కాదు. ఎలక్ట్రికల్‌లో ఫస్టు క్లాసు తెచ్చుకుని తిరువూరు వచ్చిన ఆ రోజుల్లో, చక్కగా తిరుగుతున్న ఫ్యానుని చూసి కూడా అందులో ఏదో లోపం ఉందని చెప్పగలిగేదాన్ని. మా మావయ్యకి విస్సన్నపేట రోడ్డులో స్ప్రేయర్లు బాగుచేసే కొట్టు ఉండేది. మిరపకీ పత్తికీ మందు కొట్టడానికి వీపుకి తగిలించుకునే బ్యాటరీ స్ప్రేయర్లు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి అక్కడికే వచ్చేవి. ఉద్యోగం వచ్చేదాకా ఊరికే కూర్చోవడమెందుకని అమ్మ నన్ను ఆ కొట్టుకి పంపింది. నేను మాత్రం కొట్టుని ఉద్ధరించడానికే వెళ్ళాననుకున్నాను.

మావయ్యకి బ్యాటరీని పరీక్షించే పద్ధతి ఒక్కటే. చిన్న వైరు ముక్కతో ప్లస్సునీ మైనస్సునీ ఒక్క క్షణం కలిపేవాడు. టప్పుమని నిప్పురవ్వ లేస్తే బ్యాటరీ మంచిది, లేవకపోతే చచ్చింది. ఇరవై ఏళ్ళుగా అదే తీర్పు, దానిమీద అప్పీలు లేదు. ఆ తీర్పుకి బలైపోయిన మనిషి వినగడప నుంచి వచ్చే ఒక బాబాయి. రెండెకరాలు కౌలుకి తీసుకుని మిరప వేశాడాయన. వారానికోసారి స్ప్రేయరు భుజాన వేసుకుని షేర్ ఆటో దిగి, రెండు ట్యాంకులు కొట్టేసరికి ఆగిపోతోందని చెప్పేవాడు. మావయ్య రవ్వ లేపి చూపించి, బ్యాటరీ బ్రహ్మాండంగా ఉంది, నువ్వే ఛార్జింగ్ సరిగ్గా పెట్టట్లేదు పొమ్మనేవాడు. ఆయన వెళ్ళగానే మేం నవ్వుకునేవాళ్ళం. చివరికి ఆయన పేరే రెండు ట్యాంకుల బాబాయి అయిపోయింది (పెట్టింది నేనే, ఒప్పుకుంటున్నాను).

ఆ ఏడు మిరప పూతలో నల్ల తామర పురుగు పడింది. పూత రాలిపోతే ఇక కాయ ఎక్కడిది? బాబాయి ఈసారి వచ్చినప్పుడు గొంతు పెంచలేదు, బతిమాలనూ లేదు. స్ప్రేయరు బల్లమీద పెట్టి, గ్యారంటీ ఇంకో వారంలో అయిపోతుందని మాత్రం అన్నాడు. బ్యాటరీ పాడైందని మా కొట్టువాళ్ళు రాసిస్తేనే కంపెనీ కొత్తది పంపుతుంది. మావయ్య మళ్ళీ వైరు ముక్క తీశాడు. మళ్ళీ టప్పుమంది. బాబాయి ఆ రవ్వ వంక చూసి, తలొంచుకుని నిలబడ్డాడు. అప్పుడు నాకు ఒళ్ళు మండింది. రవ్వ లేచినంత మాత్రాన బ్యాటరీలో సత్తువ ఉన్నట్టు కాదనీ, లోడు పెట్టి, అంటే దానితో పని చేయించి, ఎంతసేపు నిలబడుతుందో చూడాలనీ, దానికి వేరే పరికరం ఉంటుందనీ మావయ్యకి క్లాసు పీకాను. అయితే తెప్పించమన్నాడు మావయ్య, విసుగ్గా.

పరికరాన్ని ఎంచుకోవడం ఒక పెద్ద ప్రహసనం. బెజవాడలో ఒక షాపువాడికి ఫోన్ చేస్తే, బ్యాటరీలో సత్తువ ఎంత మిగిలిందో కాగితం మీద అచ్చు కూడా వేసిచ్చే మిషను ఉందన్నాడు. ధర వింటే, ఆ డబ్బుతో సెకండ్‌హ్యాండ్ మోటారుసైకిలు వస్తుంది. "గోటితో పోయేదానికి గొడ్డలెందుకమ్మా?" అని మావయ్య ఫోను లాక్కుని పెట్టేశాడు. ఆన్‌లైన్‌లో చూస్తే చిన్న ఫ్యానూ అంకెలూ ఉన్న బోర్డు ఒకటి దొరికింది. చవకే గానీ, ఒక్కసారికి ఒక్క బ్యాటరీనే చూస్తుంది, పైగా రావడానికి పది రోజులు. మన గ్యారంటీకి ఉన్నది ఏడు. రెండు రోజులు తల పట్టుకుని కూర్చున్నాక, పక్కనున్న ఆటో మెకానిక్ పాత హెడ్‌లైట్ బల్బులు డబ్బాలో పడెయ్యడం కంటబడింది. బల్బుని మించిన లోడేముంది? బ్యాటరీకి తగిలిస్తే కరెంటు తాగుతూనే ఉంటుంది. వెలుగు ఎర్రబడేదాకా ఎన్ని నిమిషాలు పట్టిందో గోడ గడియారం చెబుతుంది. ఓల్టులు చూడ్డానికి మీటరు కొట్లో ఎలాగూ ఉంది. ఖర్చు, మెకానిక్‌కి రెండు టీలు.

పరీక్ష నాడు బాబాయిని రమ్మని కబురు పెట్టాం. ఇక నా ఠీవి చూడాలి. ఒక్క బాబాయి బ్యాటరీయే చూస్తే సరిపోయేది. కానీ పోల్చి చూపిస్తేనే గదా శాస్త్రం? కొట్లో ఫుల్ ఛార్జింగ్‌తో ఉన్న ఆరు బ్యాటరీలనీ వరసగా పెట్టి ఆరు బల్బులు తగిలించాను. పట్టపగలు పది గంటలకి మా కొట్టు పెళ్ళిపందిరిలా వెలిగిపోయింది. ఆటోవాళ్ళు, టీ కొట్టువాడు, బస్సు కోసం నిలబడ్డవాళ్ళు అందరూ చుట్టూ చేరారు. సరిగ్గా పద్దెనిమిదో నిమిషాన బాబాయి బల్బు ఎర్రబడి, రెండు నిమిషాల్లో మిణుకుమంటూ ఆరిపోయింది. మిగతా ఐదూ రెండు గంటల పైనే వెలిగాయి. మావయ్య గ్యారంటీ కాగితం తీసి, బ్యాటరీ చచ్చిందని రాసి సంతకం పెట్టాడు. నవ్విన నాపచేనే పండుతుందని టీ కొట్టువాడు నాలుగుసార్లు అన్నాడు. నేను మెచ్చుకోళ్ళ కోసం చుట్టూ చూస్తున్నాను.

బాబాయి కాగితం జేబులో పెట్టుకుని మెల్లిగా అడిగాడు. "కొత్తది వచ్చేదాకా మీ అద్దె బ్యాటరీ ఇస్తే, సాయంత్రం మందు కొట్టుకుంటానమ్మా. రేపట్నుంచి మబ్బూ వానా అంటున్నారు."

రైతులకి అత్యవసరానికి ఇవ్వడానికి మావయ్య ఒక బ్యాటరీని ఎప్పుడూ ఫుల్‌గా ఉంచేవాడు. అది కూడా ఆ ఆరింటిలోనే ఉంది. దాన్ని కూడా నేను పిండేశాను. ఛార్జింగ్ పెడదామని పరిగెత్తాను, కరెంటు లేదు. లైను పనులున్నాయి, మధ్యాహ్నం నుంచి సాయంత్రం ఆరు దాకా కరెంటు ఉండదని పొద్దున్నే మెసేజీ వచ్చింది (వచ్చింది నా ఫోన్‌కే). అంటే నేను ఆయన మాట నిజమని ఊరందరిముందు నిరూపించి, మందు కొట్టుకునే దారి లేకుండా చేశానన్నమాట. మావయ్య నన్ను తిట్టలేదు. తిట్టినా బావుండేది. అటకెక్కి చేత్తో కొట్టే పాత పంపు దించి, నా ముందు పెట్టాడు.

"లోడు పరీక్ష అన్నావుగా," అన్నాడు, "పద."

అలా నా జీవితంలో మొదటిసారి, ఆఖరుసారి, మొహానికి తువ్వాలు చుట్టుకుని, పదహారు లీటర్ల ట్యాంకు వీపున వేసుకుని, ఎడమ చేత్తో మీట ఆడిస్తూ వినగడప మిరప చేలో నడిచాను. మూడో ట్యాంకుకి భుజం నాది కాకుండా పోయింది. బాబాయి వద్దంటున్నా వినలేదు, ఉన్న ఒక్క పంపుతోనే చెరొక ట్యాంకు చొప్పున మార్చి మార్చి కొట్టాం. ఐదో ట్యాంకు నింపేటప్పుడు, ఈ బ్యాటరీ మొదట్నుంచీ ఇంతేనా అని మాటవరసకి అడిగాను.

ఆయన నీళ్ళు పోస్తూనే చెప్పాడు. కొన్నప్పుడు పదిహేను ట్యాంకులు కొట్టిందట. దసరాకి ఎనిమిదికి పడిందట. దీపావళి వెళ్ళాక ఐదు. ఇప్పుడు రెండు. నేను బకెట్టు వదిలేసి ఆయన మొహం వంక చూశాను. బెజవాడ మిషను కాగితం మీద అచ్చు వేసిచ్చేది అదే గదా, ఒక్క అంకె తేడా లేకుండా.

"ఇది మాకు ముందే చెప్పాల్సింది గదా, బాబాయ్?"

"చెప్పాను గదమ్మా, రెండు ట్యాంకులేనని వచ్చినప్పుడల్లా చెప్పాను," అన్నాడు కోపమేమీ లేకుండా. "మీరు దాన్నే నాకు పేరుగా పెట్టుకున్నారు."

క్షమించమని అడగాలని కూడా తోచక, ట్యాంకు ఎత్తుకుని రెండు సాళ్ళు ఆపకుండా కొట్టేశాను. చీకటి పడకముందే రెండెకరాలూ పూర్తయ్యాయి. ఆ పూత నిలబడింది. తొమ్మిదో రోజున కొత్త బ్యాటరీ కూడా వచ్చింది.

ఇప్పుడు కొట్టు నేనే చూసుకుంటున్నాను. అచ్చు వేసిచ్చే మిషనూ కొన్నాను. మంచి మిషనే, అబద్ధం చెప్పదు. కానీ ఎవరు స్ప్రేయరు తెచ్చి బల్లమీద పెట్టినా, ముందు ఎన్ని ట్యాంకులు కొడుతోందో అడిగి కాగితం మీద రాసుకుంటాను, ఆ తర్వాతే మిషను తీస్తాను. చాలాసార్లు తియ్యాల్సిన పనే ఉండదు. అప్పుడు ఆరు బల్బుల మధ్య నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డ ఆ ఇరవై ఒక్కేళ్ళ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. అంత వెలుగులో నిలబడి, ఎదురుగా ఉన్న మనిషిని ఒక్క ప్రశ్న అడగలేదు గదా అది!