పిన్‌బాల్ మిషన్ కోసం నాన్న చెప్పిన క్షమాపణ

మా చిన్నప్పుడు... చికాగో పక్కన షామ్‌బర్గ్‌లో మా ఇంటి బేస్‌మెంట్‌లో ఒక పులి ఉండేది. దానికి ఒక కన్నే వెలిగేది.

ఇనప గోళీతో ఆడే పిన్‌బాల్ మిషన్ మీది బొమ్మ పులి అది. మూతపడుతున్న పిజ్జా షాపు వాళ్ళు పారేస్తుంటే నాన్న వ్యాన్‌లో వేసుకుని తెచ్చారు. "ఈ శవపేటిక ఎందుకండీ ఇంట్లో!" అని అమ్మ నెత్తి కొట్టుకుంది. నాన్న వింటేగా... ఆఫీస్ నుంచి రాగానే చొక్కా చేతులు మడిచి, పైన గాజు పలక తీసి, లోపలి తీగలు ముందేసుకుని కూర్చునేవారు. అరిగిపోయిన రబ్బరు రింగుల బదులు నా జడ రబ్బరు బ్యాండ్లు వేశారు. టార్చ్ లైట్ పట్టుకోవడం నా డ్యూటీ.

పని చేస్తూ కబుర్లు చెప్పేవారు.

"మొదట్లో దీనికి ఈ రెక్కలు లేవే బుజ్జీ. ఏటవాలు బల్ల, దాని నిండా మేకులు, అంతే. స్ప్రింగ్ లాగి గోళీ వదిలితే ఎక్కడ పడితే అక్కడ... మన అదృష్టం. జనం ఊరుకుంటారా? బల్లనే పట్టుకుని కుదిపేసేవాళ్ళు. అందుకని, కుదిపితే ఆట ఆగిపోయేట్టు చేశారు. ఆ తర్వాత ఎవరో మహానుభావుడు ఈ రెండు రెక్కలూ పెట్టాడు. ఇక గోళీ జారిపోతుంటే చూస్తూ కూర్చోనక్కర్లేదు, పక్క బటన్లు నొక్కి ఈ రెక్కలతో కొట్టి పైకి పంపొచ్చు. అప్పుడు కదా ఇది ఆట అయింది!"

జూదమని దీన్ని చాలా ఊళ్ళలో నిషేధించారట ఒకప్పుడు. తమాషా ఏమిటంటే, ఈ మిషన్లు ఎక్కువగా తయారయ్యేదీ చికాగోలోనే, ఆడకూడదన్నదీ చికాగోలోనే! నేను పుట్టేసరికి ఆ నిషేధాలు ఎత్తేశారు.

మా సంఘంలో మాత్రం ఎత్తేయలేదు...

మాది తెలుగు చర్చి. ఆదివారం మధ్యాహ్నం ఒక అమెరికన్ చర్చి హాలు అద్దెకు తీసుకుని ఆరాధన, శుక్రవారాలు ఒక్కొక్కరి ఇంట్లో ప్రార్థన కూడిక. పాటలకి డోలక్ నాన్నే. ఆ వారం కూడిక మా ఇంట్లో. సంఘపెద్ద దేవదానం అంకుల్ ముగింపు ప్రార్థన అందుకున్నారు. ఆయన ముగింపు మొదలైతే బిర్యానీ చల్లారినట్టేనని పిల్లలందరికీ తెలుసు. మెల్లగా బేస్‌మెంట్‌లోకి జారుకున్నాం.

ఆ రోజు నా చేతులకి ఏమైందో... ఆడుతూనే ఉన్నాను. స్కోరు ఒక హద్దు దాటితే ఇంకో ఆట ఫ్రీ. ఆ సంగతి చెప్పడానికి మిషన్ లోపల ఒక ఇనప కడ్డీ చెక్కని కొడుతుంది.

ఠక్!

పైన ప్రార్థన ఆగిపోయింది. మెట్లు దిగి అంకుల్, ఆయన వెనక నాన్న, ఆయన వెనక సంఘమంతా వచ్చారు.

"ఏంటమ్మా ఆ సౌండ్?"

"ఫ్రీ గేమ్ గెలిచానంకుల్!" అన్నాను. మెచ్చుకుంటారనుకున్నాను.

ఆయన నాన్న వైపు తిరిగారు. "ప్రసాద్ గారూ, చూడండి, కాయిన్లు వేసే కన్నం ఉంది. గెలవడం ఉంది. దీన్ని జూదం అనక ఏమంటారు? సంఘం పిల్లలకి మీరు నేర్పించేది ఇదా?"

"ఆ కన్నం టేప్ వేసి మూసేశానండీ. ఇది చేత్తో ఆడే ఆట. ఒక్కసారి ఆడి చూడండి, మీకే తెలుస్తుంది."

"నన్ను ఆడమంటారా!"

అంతే... అందరి ముందూ క్షమాపణ చెప్పేదాకా డోలక్ ముట్టుకోవద్దన్నారు.

ఆదివారం నాన్న లేచి నిలబడి, తల వంచుకుని, "నా వల్ల పిల్లలకి అభ్యంతరం కలిగింది, తప్పుదారి చూపించాను... క్షమించండి" అన్నారు. అమ్మ నా చెయ్యి నొప్పి పుట్టేలా పట్టుకుంది. మర్నాడు పులిని నాన్నే రోడ్డు పక్కకి లాగి పెట్టారు. నా జడ బ్యాండ్లు దానితోనే పోయాయి.

"నువ్వేం తప్పు చేశావు నాన్నా?" అని ఏడిస్తే, "వదిలేయవే, ఈ దేశంలో మనకున్నది ఈ నలుగురే" అన్నారు.

ఇన్నేళ్ళ తర్వాత ఇదంతా ఎందుకంటే... పోయిన వారం అదే దేవదానం అంకుల్ మునిమనవడి బర్త్‌డే. ఒక గేమ్స్ ప్లేస్ బుక్ చేశారు. నాన్నా, మేమూ వెళ్ళాం. కార్డు గీకాలి, బటన్ నొక్కాలి, చక్రం తిరుగుతుంది. ఆగిన చోటుని బట్టి టికెట్లు రాలతాయి. అవి ఇస్తే ఒక ప్లాస్టిక్ దువ్వెన ఇస్తారు. చేతి పనితనం ఎక్కడుంది ఇందులో? ఇన్నేళ్ళూ ముందుకొచ్చి, మళ్ళీ ఆ రెక్కల్లేని మేకుల బల్ల దగ్గరికే చేరాం!

ఆ చక్రం ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, "జాక్‌పాట్ రా నాన్నా, జాక్‌పాట్!" అని పిల్లాడి చేత కార్డు గీకిస్తున్నది ఎవరనుకున్నారు?

నాకు ఒళ్ళు మండిపోయింది.

"అంకుల్, ఇది జూదం కాదా?"

"అబ్బే, పిల్లల గేమ్స్ కదమ్మా... టైమ్‌పాస్."

"మరి మా నాన్నతో చర్చిలో అందరి ముందూ సారీ చెప్పించారే?"

ఆయన నిజంగానే ఆలోచించారు. చాలాసేపు ఆలోచించి, "దేనికమ్మా?" అన్నారు.

గుర్తు లేదు! మా నాన్న తల వంచిన ఆదివారం ఆయనకి గుర్తే లేదు!

"మీరు మర్చిపోయారేమో అంకుల్, ఆయన మర్చిపోలేదు. మళ్ళీ ఏ వస్తువూ ముందేసుకుని మా బేస్‌మెంట్‌లో కూర్చోలేదు" అన్నాను. నా గొంతు హాలంతా వినిపించిందట. వినిపించనీ. ఆ ఆదివారం అమ్మ పట్టుకున్నట్టే మా ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

నాన్న కోసం వెతికితే, రెస్ట్‌రూమ్‌ల పక్క సందులో కనిపించారు. అక్కడ పాత పిన్‌బాల్ మిషన్ ఒకటి, పనిచేయదని కాగితం అంటించి ఉంది. నాన్న దాని ముందు కాస్త వంగి, రెండు చేతులూ అటూ ఇటూ వేసి, బటన్లు నొక్కుతున్నారు. రెక్కలు కదలడం లేదు. అయినా నొక్కుతున్నారు.

ఇంతలో నా అడుగుల చప్పుడు విని గబుక్కున చేతులు తీసేసి జేబుల్లో పెట్టుకున్నారు. సంఘం వాళ్ళెవరైనా చూశారేమోనని చుట్టూ చూశారు. డెబ్బై దాటిన మనిషి!

అప్పుడు ఠక్‌మంటే పిల్లలమంతా గంతులేసే బేస్‌మెంట్ ఒకటి ఉండేది మాకు... ఇప్పుడా మిషన్లూ కరువే, నాన్నలో ఆ సరదా కూడా కరువే.

మీ ఇళ్ళల్లో కూడా ఏ తప్పూ లేకుండా ఎవరికో తల వంచిన నాన్నలు, అమ్మలు ఉంటే కామెంట్‌లో రాయండి. ఒక్కటీ వదలకుండా మా నాన్నకి చదివి వినిపిస్తాను. వచ్చే శుక్రవారం కూడిక మళ్ళీ మా ఇంట్లోనే... సంఘమంతా వింటుండగానే చదువుతాను, ఆ లోపు రాయండి.