క్లబ్బు హాల్లో కుట్టు మిషన్

గుండీలక్కకు ఆ పేరు ఊరికే రాలేదు. ఆవిడ కుట్టిన చొక్కా చిరిగిపోయినా దాని గుండీ మాత్రం ఊడదు. పైగా ప్రతి చొక్కా లోపలి అంచున ఒక గుండీ అదనంగా కుట్టి ఇస్తుంది. ఎందుకని అడిగితే, "ఊడదులెండి. ఊడిందని రేపు నా మీదికి రాకుండా" అంటుంది. ఆవిడ మాటా అంతే, ఒకసారి అన్నాక వెనక్కి రాదు. ఈ సంగతి తెలియకే క్లబ్బు కార్యదర్శి ఆవిడతో పెట్టుకున్నాడు.

ఆవిడ ఉండే కాలనీలో ఇల్లు కొన్న ప్రతివాళ్లూ క్లబ్బులో చేరి తీరాల్సిందే. చేరేటప్పుడు ఒక పెద్ద రుసుము, ఆపైన నెలనెలా చందా. గుండీలక్కా, ఆవిడ భర్తా మూడో అంతస్తులో రెండు గదుల ఫ్లాటు కొన్నప్పుడు ఈ రుసుము కోసం ఆవిడ పెద్ద కుట్టు మిషన్ అమ్ముకుని చేతి మిషన్‌కి దిగింది. ఆ తర్వాత భర్త పోయాడు, చందా మాత్రం పోలేదు. ఇన్నేళ్లలో ఆవిడ ఈత కొలనులో కాలివేలు కూడా ముంచలేదు. ఒకసారి టెన్నిస్ బంతి కిటికీ పగలగొట్టుకుని వచ్చి వంటింట్లో పడింది. క్లబ్బు నుంచి ఆవిడకు ముట్టింది అదొక్కటే.

ఇప్పుడు మోకాళ్లు మొరాయించాయి. ఆ భవనానికి లిఫ్టు లేదు. చెల్లెలు తన ఇంటి పక్కనే వీధివైపు ఒక గది చూసిపెట్టింది. ముందు కొట్టు పెట్టుకోవచ్చు, వెనక పడుకోవచ్చు, ఒక్క మెట్టు కూడా ఎక్కనక్కర్లేదు. గది యజమాని నెలాఖరు దాకా ఆగుతానన్నాడు. ఫ్లాటు కొనడానికి ఒక అంబులెన్సు డ్రైవరూ, అతని భార్యా ముందుకొచ్చారు. ధర కుదిరింది. తీరా చూస్తే క్లబ్బు రుసుము అడ్డం పడింది.

"నాకు ఈత రాదక్కా," అన్నాడు డ్రైవరు. "డ్యూటీ దిగాక నిద్ర తప్ప ఇంకేం ఆడతాను? ఆ డబ్బు కూడా కట్టాలంటే ఈ ఇల్లు మా వల్ల కాదు."

అయితే అతనే ఇంకో మాటా చెప్పాడు. ఇల్లు కొనేవాళ్లు క్లబ్బులో చేరడం వాళ్ల ఇష్టమని, చేరనివాళ్ల దగ్గర రుసుము అడగకూడదని, దాని కోసం అమ్మకం ఆపకూడదని రాష్ట్ర శాసనసభ చట్టం చేసింది. అది అమల్లోకి కూడా వచ్చేసిందని రేడియోలో విన్నాడట.

గుండీలక్క నేరుగా కార్యదర్శి గదికి వెళ్లి చట్టం సంగతీ, గది గడువు సంగతీ చెప్పింది. అభ్యంతరం లేదని క్లబ్బు రాసిస్తేనే కాలనీలో ఇల్లు చేతులు మారేది.

"చట్టం చేసినవాళ్లు వచ్చి మన కొలను కడుగుతారామ్మా?" అన్నాడాయన. "అందరూ చేరం అంటే క్లబ్బు మూసుకోవాలి. కమిటీ వచ్చే నెల చర్చిస్తుంది. అప్పుడు రండి."

వచ్చే నెలకు గది ఇంకొకరిదైపోతుంది. అది ఆయనకూ తెలుసు. అందుకే అంత నిదానంగా చెప్పాడు.

బయటికొస్తుంటే హాలు గోడ మీద నిబంధనల బోర్డు కనిపించింది. సభ్యులు హాల్లో కూర్చుని తమకు నచ్చిన చేతిపనులు చేసుకోవచ్చని అందులో ఒక వాక్యం. ఎవరో పెద్దింటి ఆడవాళ్లు ఊలు అల్లుకోవడానికి పెట్టించుకున్నారు.

మర్నాడు డ్రైవరు చేత మిషన్ దింపించుకుని, పెద్ద కిటికీ కింద బల్ల వేసుకుని కూర్చుంది గుండీలక్క. హాలంతా టకటకటక. పేకాట బల్ల దగ్గర పెద్దమనుషులు లెక్క తప్పి ఒకరినొకరు తిట్టుకున్నారు. కార్యదర్శి పరుగెత్తుకొచ్చాడు.

"ఏమిటమ్మా ఇది?"

"చేతిపనండీ. అల్లుకోవచ్చుగానీ కుట్టుకోకూడదని రాశారా? ఇన్నేళ్లు కట్టాను. ఇప్పుడు వాడుకుంటున్నాను."

ఆయన బోర్డు మళ్లీ చదువుకుని తన గదికి వెళ్లిపోయాడు. గుండీలక్క రోజూ వచ్చింది. మొదట మొహాలు ముడుచుకున్నవాళ్లే ఒక్కొక్కరుగా పొడుగైన ప్యాంట్లు, జిప్పులు పోయిన సంచులు తెచ్చారు. ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోలేదు. గుండుసూదులు గుచ్చుతూ గుచ్చుతూ అందరికీ చట్టం సంగతి చెప్పేది. "మీరూ ఎప్పుడో ఒకప్పుడు అమ్ముకునేవాళ్లే కదండీ" అనేది. వాళ్లు వెళ్లి కార్యదర్శిని అడగడం మొదలుపెట్టారు. ఆయనకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు.

నెలాఖరు దగ్గరపడ్డాక ఆయనే కాగితం పట్టుకొచ్చాడు. డ్రైవరు కూడా అక్కడే ఉన్నాడు. గుండీలక్క కళ్లజోడు పెట్టుకుని పైకి చదివింది. ఒంటరి మనిషి, వయసు మీద పడింది కాబట్టి కమిటీ దయతలచి ఈ ఒక్కసారికి రుసుము మినహాయిస్తున్నదట.

డ్రైవరు మొహం వెలిగింది. పొద్దున్నే ఫోన్లో చెల్లెలు, "పంతాలకు పోకక్కా, ఏది ఇస్తే అది తీసుకుని వచ్చెయ్" అని ఏడ్చినంత పని చేసింది. గది పోతే ఆ మెట్లు ఇక ప్రాణం పోయేదాకా ఎక్కాలి. గుండీలక్కకు భయం వేసింది, నిజంగానే వేసింది. అయినా కాగితం తిరిగి కార్యదర్శి చేతిలో పెట్టింది.

"దయ వద్దండీ. చట్టం ప్రకారం అని రాయండి. మీ దయతో కొంటే ఈ అబ్బాయి రోజూ మీకు తల వంచుకుని తిరగాలి. నా తర్వాత అమ్ముకునేవాళ్లు మళ్లీ మీ గుమ్మంలో నిలబడాలి."

"అయితే ఇదీ ఉండదు. చించేస్తాను."

"చించండి. గుడ్డయితే నేనే చించిపెట్టేదాన్ని."

టకటక ఆగేసరికి పేకాటా ఆగిపోయింది. ఒక కాలి అంచు మడిచి గుండుసూదులు గుచ్చిన ప్యాంటుతో స్టూలు మీద నిలబడి ఉన్న ముసలాయన గొంతు సవరించుకున్నాడు.

"రాసెయ్యవయ్యా. నా ఇల్లూ అమ్మకానికి ఉంది. నేనెవరి దయా అడగను."

పేకాట బల్ల దగ్గర తలలు ఊగాయి. కార్యదర్శి చుట్టూ చూశాడు. ఆయన వైపు ఒక్కరూ లేరు. అక్కడే ఆవిడ బల్ల దగ్గర కూర్చుని, దారప్పోగులు పక్కకు తోసి, మొదటి నుంచి మళ్లీ రాశాడు. చట్టం ప్రకారం, రుసుము లేకుండా. గుండీలక్క రెండుసార్లు చదివి డ్రైవరుకు ఇచ్చింది. అతను దాన్ని మడవకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఇక మిషన్ తీసేస్తారా అమ్మా?" అన్నాడు కార్యదర్శి.

"నెలాఖరు దాకా చందా కట్టానుగా, రేపూ వస్తాను," అంది గుండీలక్క సూదిలో దారం ఎక్కిస్తూ. "మీ కోటు కూడా తెచ్చుకోండి. గుండీ వేలాడుతోంది."