కొమ్ములతో తేలని పోటీ

ముత్తుకూరు దగ్గరి పల్లెలో మా పెద్దమ్మకు ఒక గొర్రెల మంద ఉండేది. పెదనాన్న పోయాక దాన్ని ఆమే చూసుకునేది. పందొమ్మిది వందల అరవైల మొదట్లో నేను నెల్లూరులో పత్రిక పనిలో ఉన్నాను. సెలవు దొరికితే ఆమె దగ్గరికి వెళ్లేవాణ్ని. కోతలైన మళ్లలో ఎరువు కోసం రైతులు ఆమె మందను కట్టించుకునేవారు. ఉప్పుగాలీ గొర్రెల వాసనా కలిసి ఊళ్లోకి వచ్చేవి.

ఆ మందకు విత్తనపు పొట్టేలు ఒకటే. తెల్లటి ఒళ్లు, కళ్ల చుట్టూ మూతి మీదా నల్ల మచ్చలు. తల్లి చచ్చిన పిల్లను మేకపాలు పట్టి పెద్దమ్మే పెంచింది. నేను చెప్పే ఏటికి దానికి వయసు మీరింది. ఒక కొమ్ము కొన విరిగిపోయింది.

అప్పుడే ఆమె మరిది, నాకు చిన్నాయన, వాకాడు వైపు నుంచి ఒక ఎర్ర పొట్టేలును తోలుకొచ్చాడు. మెడ వంచని నడక. మెలితిరిగిన కొమ్ములు.

“ముసల్దాన్ని ఈ సంతకే తోలేద్దాం వదినా. మేత దండగ.”

“నువ్వు ముసలోడివైనప్పుడు నిన్ను ఏ సంతకి తోలాల్నో మా చెల్లెల్ని అడిగి చెప్తాలే.”

తలపడి గెలిచిన పొట్టేలే మందకు మగాడని అక్కడి వాళ్ల నమ్మకం. చిన్నాయన రెండింటినీ ఎదురెదురుగా వదిలాడు. ఎక్కువసేపు పట్టలేదు. ముసలిది తల విదిల్చుకుంటూ పక్కకు తొలగింది.

“చూసినావా వదినా. మగతనమంతా కొమ్ముల్లోనే ఉండాది.”

పెద్దమ్మ లేచి వెళ్లి దాని నుదురు నిమిరింది. తరువాత దాని వెనక వైపుకు వచ్చి, వంగి, బరువుగా వేలాడుతున్న వృషణాల సంచిని అరచేతిలోకి తీసుకుంది. సంతలో గుమ్మడికాయను ఎత్తి చూసినట్టు చూసింది.

“కొమ్ములు ఈనతాయా అబ్బయ్యా? రెండిట్నీ మందలో వదులుదాం. దేని రంగు పిల్లలు ఎక్కువ పుడితే అది ఉంటాది. నాది ఓడితే నువ్వే తోలుకుపో.”

ఆమెకేదో గట్టి నమ్మకం ఉందనుకున్నాను. తరువాత అడిగితే, “నమ్మకమా పాడా. ఈతల దాకా బతుకుతాది గదా అని,” అంది.

మందలోని గొర్రెలన్నీ తెల్లవే కాబట్టి ఎవరి బిడ్డ ఎవరో రంగే చెబుతుందని ఇద్దరూ ఒప్పుకున్నారు.

ఎద కాలంలో ఎర్రది ముసలిదాన్ని దగ్గరికి రానిచ్చేది కాదు. అయితే ఒకేసారి ఎన్నో గొర్రెలు ఎదకు వస్తే ఒక్క కాపలాదారు ఎందరిని కాస్తాడు? ఎర్రది ఒకదాని వెంట పరుగెత్తితే, అది అప్పుడే వదిలిన గొర్రె దగ్గరికి ముసలిది నింపాదిగా చేరేది. రోజులు గడిచేకొద్దీ ఎర్రది డొక్కలెగరేస్తూ, వాసన చూసి ముఖం తిప్పుకునేది. ముసలిది మాత్రం విస్తరి ముందు కూర్చున్న పెద్దమనిషిలా తొందర లేకుండా తన పని చేసుకుపోయేది.

మొదటి ఈతల్లో అన్నీ ఎర్రపిల్లలే. చిన్నాయన మాంసం వ్యాపారికి కబురు పెట్టాడు. పెద్దమ్మ ఉలవలు నానబెట్టి ముసలిదానికి తినిపించింది. ఆ తరువాత మచ్చమూతి పిల్లలు పుట్టడం మొదలైంది. ఇక ఆగలేదు. చివర్లో ఒక గొర్రె కవలల్ని ఈనింది. మా వైపు గొర్రెలకు కవలలు అరుదు. అందులో ఒకటి ఎర్రది, ఒకటి మచ్చమూతిది.

చిన్నాయన వాటి ముందు గొంతుకూర్చున్నాడు. “ఇదేంది వదినా. ఇద్దరూ కడుపులోకి పోయి కూడా కొట్లాడినట్టుండారే.”

“కొట్లాడినారు. లోపల కొమ్ములు పనికిరాలా.”

చాలా ఏళ్ల తరువాత, శాస్త్రజ్ఞులు దీన్నే వీర్యకణాల పోటీ అంటారని చదివాను. ఒక ఆడదానితో పలు మగవి జతకట్టే జాతుల్లో వృషణాలు తరతరాలుగా పెద్దవయ్యాయట. ఆడవాటి దగ్గరికి ఇంకొకణ్ని రానివ్వని గొరిల్లాకు అంత ఒళ్లున్నా అవి చిన్నవే. ఎవరూ ఎవరినీ ఆపలేని చింపాంజీకి చాలా పెద్దవి. మనిషి ఆ రెండింటికీ నడుమ ఉన్నాడు. కంటికి కనబడని పోటీ ఒంటిని ఇంత ఓపికగా మలిచిందంటే ఆ పనితనానికి ఇప్పటికీ అబ్బురపడతాను. ఈ సంగతి పెద్దమ్మకు చెప్పాను. అప్పటికి ఆమెకు పళ్లు లేవు.

“అంటే మా ఆడోళ్ల మీద దేవుడికి సగం నమ్మకమేనన్నమాట,” అని పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

లెక్కలో మచ్చమూతి పిల్లలే ఎక్కువ తేలడంతో ఆ ఏడు వ్యాపారి వచ్చి ఉత్తచేతులతో వెళ్లాడు. ఎర్రదాన్ని చిన్నాయన మనుబోలు మంద ఒకదానికి విత్తనానికి ఇచ్చేశాడు. దాన్ని తోలుకుపోయే ఉదయం వదిన ఇంట్లోకి వెళ్లేదాకా ఆగి, అటూ ఇటూ చూసి, ముసలి పొట్టేలు వెనక వంగి, తనూ అరచేతిలో బరువు చూశాడు.