ముప్పై అంకె వేసిన ప్లాస్టరు

లా పాజ్‌లోని ఆ ఆసుపత్రిలో గుండె ఆపరేషన్ల గదికి ఫెలీసా చిపానా మొదటిసారి ఉతికిన దుప్పట్ల మూటతో వెళ్ళింది. అప్పుడామెకు ఇరవై ఆరేళ్ళు. గది మూలన దోన్ అన్సెల్మో అనే పెద్దాయన ఒక యంత్రం ముందు కూర్చుని, నీళ్ళు నింపిన గొట్టాలను వేలి కణుపుతో కొడుతున్నాడు.

"ఏం వెతుకుతున్నారండీ?" అని అడిగింది.

"గాలి. ఒక్క బుడగ మిగిలిందంటే పోయి మనిషి మెదడులో కూర్చుంటుంది. ఇక అది లేవదు. మనిషీ లేవడు."

"ఆ మలుపు దగ్గర ఒకటుంది చూడండి."

ఆయన కళ్ళజోడు సవరించుకుని చూశాడు. ఉంది. మరుసటి వారం ఫెలీసాను చాకిరేవు గది నుంచి తన దగ్గరికి మార్పించుకున్నాడు.

డాక్టరు గుండెను ఆపి కోసినంతసేపూ ఆ గుండె పనీ, ఊపిరితిత్తుల పనీ ఆ యంత్రమే చెయ్యాలి. దాన్ని నడిపేవాళ్ళకి పర్ఫ్యూజనిస్టులని పేరుందని ఫెలీసాకు చాలా ఏళ్ళ తరువాతగాని తెలియలేదు. అక్కడ అందరూ దాన్ని పంపు అనేవారు, ఆమెను పంపు ఫెలీసా అనేవారు. ఆ పని నేర్పే బడి అప్పట్లో ఎక్కడా లేదు. తెలిసినవాడు పక్కన నిలబడ్డవాళ్ళకు చూపించేవాడు, అంతే. మొదటి మూడేళ్ళు ఆమె గొట్టాలు కొట్టడం తప్ప ఇంకేమీ చెయ్యలేదు. వేళ్ళ కణుపులు కాయలు కాశాయి. నాలుగో ఏట దోన్ అన్సెల్మో, రక్తంలోకి గాలి ఎంత పారాలో తిప్పి సరిచేసే గాలి మర మీద ఆమె చెయ్యి పెట్టనిచ్చాడు. ఆ మర పక్కన యంత్రానికి తెల్ల ప్లాస్టరు ముక్క అంటించి ఉంది. దాని మీద పెన్నుతో ముప్పై అని వేసి ఉంది.

"ఊపిరి వదిలితే పోయే చెడ్డగాలి ఉంటుందే, అది రక్తంలో ఎంత మిగలాలన్నది ఈ అంకె," అన్నాడాయన. "పుస్తకంలో నలభై అని ఉంటుంది. అది సముద్రం ఒడ్డున కూర్చుని రాసింది. మనవాళ్ళు ఇంత ఎత్తున, పల్చటి గాలిలో పుట్టినవాళ్ళు. పుట్టినప్పటి నుంచీ గబగబా ఊపిరి తీసి తీసి ముప్పైకి అలవాటుపడ్డారు. నలభైకి తెచ్చావా, కుడివైపు గుండె మొరాయిస్తుంది."

ఆయన పోయాక కూడా ఫెలీసా ఏటా ప్లాస్టరు మార్చి, అదే అంకె మళ్ళీ వేసేది. ఇరవై నాలుగేళ్ళలో రెండువేల పైచిలుకు గుండెలు ఆమె చేతి కింద ఆగి, మళ్ళీ కొట్టుకున్నాయి.

అప్పుడు కొత్త నిబంధన వచ్చింది. పర్ఫ్యూజనిస్టుల సంఘం పరీక్ష పెడుతుంది, రెండుసార్లు రాయనిస్తుంది. జూన్ ఒకటి తరువాత సర్టిఫికెట్టు లేని చెయ్యి పంపును తాకకూడదు. నిబంధన తప్పని ఫెలీసా అనలేదు. పని రానివాళ్ళు పంపు దగ్గర కూర్చోవడం ఆమె కళ్ళారా చూసింది. మొదటిసారి వెళ్ళి తనకు తెలిసింది తెలిసినట్టు, ముప్పై అనే రాసింది. నాలుగు మార్కుల్లో పోయింది.

సర్జను డాక్టర్ ఉర్కీది ఆమెను కూర్చోబెట్టి చెప్పాడు. "ఫెలీసా, ఆ మూడు గంటలూ కొండ దిగిపోయాననుకో. వాళ్ళకేం కావాలో అది రాసి రా."

"అబద్ధం రాయమంటారా డాక్టరుగారూ?"

"అక్కడ అది నిజమేగా."

నాలుగు నెలలు చదివింది. తానుండే ఎల్ ఆల్తో కొండ మీంచి, తీగకు వేలాడే బండిలో దిగుతూ పుస్తకం, ఎక్కుతూ పుస్తకం. ఇంట్లో అక్క బసీలియా ఎండు దుంపలు నానబోస్తూ ప్రశ్నలు అడిగేది. చదువు రాని మనిషి గనుక ఒక్క ప్రశ్నే నేర్చుకుంది.

"చెడ్డగాలి ఎంత?"

"ముప్... నలభై."

"ఈ గరిటె చూశావా? ఇంకోసారి ముప్పై అన్నావంటే మూతి మీద పడుతుంది."

"నలభై అక్కా, నలభై."

"ఆ. అలా చావు. ఉద్యోగం నిలబడ్డాక నీ ముప్పై నువ్వు చేసుకో."

రెండో పరీక్ష శాంతా క్రూజ్‌లో. ఆ పల్లపు ఊరి ఎండకు ఉన్ని చొక్కా వంటికి అంటుకుపోయింది. పొద్దున రాతపరీక్షలో ప్రతిచోటా నలభై వేసింది. మధ్యాహ్నం చేతిపని. బల్ల మీద ఒక బొమ్మ మనిషి, పక్కన పంపు, ఎదురుగా అంకెలు మారే తెర. పరీక్షించే ఆవిడ పేరు మొనస్తేరియో. ముందు కాస్త నవ్వించబోయింది.

"మీ కొండవాళ్ళ రక్తం జామ్‌లా చిక్కగా ఉంటుందటగా దోన్యా ఫెలీసా?"

"అవునమ్మా. రొట్టెకి రాసుకోవచ్చు."

పని మొదలైంది. రక్తం ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయేలా చేశారు. ఫెలీసా ఎత్తింది. గొట్టంలో గాలి వదిలారు. తెర చూపించకముందే కణుపుతో కొట్టి పట్టుకుంది. మొనస్తేరియో రాయడం ఆపి చూస్తూ ఉండిపోయింది. ఇంకో ఐదు నిమిషాలే ఉన్నాయి. మళ్ళీ ఒత్తిడి పడింది. ఫెలీసా కళ్ళు ఒత్తిడి మీద ఉన్నాయి, కుడిచెయ్యి పంపు మీద ఉంది. తెర మూలన చెడ్డగాలి అంకె నలభై. ఎడమచెయ్యి దాని దారిన అది వెళ్ళి గాలి మర తిప్పింది. ముప్పై ఎనిమిది. ముప్పై నాలుగు. ముప్పై ఒకటి దగ్గర ఆమె తన చేతిని తాను చూసింది.

"ఇప్పుడేం చేశారు?" అంది మొనస్తేరియో మెల్లగా.

చెయ్యి జారిందని అనవచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చింది.

"ఎక్కువుంది, తగ్గించాను."

"నలభై ఎక్కువా?"

"మావాళ్ళకి ఎక్కువే."

"ఈ రోగి ఏ ఊరివాడని?"

ఫెలీసా బొమ్మ వైపు చూసింది. "బొమ్మకి ఊరేముందమ్మా."

మొనస్తేరియో కాగితం తిప్పి చూపించింది. తక్కిన గడులన్నీ నిండా మార్కులు. "ఇది మార్కులు తగ్గించే తప్పయితే చూసేదాన్ని. ఇది పరీక్ష ఆపేసే తప్పుల కింద రాసి ఉంది. మెదడుకి రక్తం తగ్గుతుందని. మార్చడం నా చేతిలో లేదు."

"మీ తప్పు కాదమ్మా," అంది ఫెలీసా. ఉన్ని చొక్కా విప్పి చేతి మీద వేసుకుని బస్సు దగ్గరికి నడిచింది.

డాక్టర్ ఉర్కీది సంఘానికి ఉత్తరం రాశాడు. పరిశీలిస్తామని జవాబు వచ్చింది. ఆ తరువాత మరి రాలేదు.

మే నెలలో పంపు నడపడానికి యనీన్ హుస్తీనియానో వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళు, పల్లపుదేశం పిల్ల, చేతిలో సర్టిఫికెట్టు. ఎత్తుకు తలనొప్పి వచ్చి మొదటి రెండు రోజులూ గోడ పట్టుకుని నడిచింది. ఆ పిల్లను ద్వేషించాలని ఫెలీసా ప్రయత్నించింది. కానీ పిల్ల చేతులు మంచివి. ఫెలీసా వారంలో తనకు తెలిసినదంతా చూపించింది. గొట్టాలు ఎక్కడ కొట్టాలో, ఆ పాత యంత్రం ఏ చప్పుడు చేస్తే అబద్ధమాడుతున్నట్టో, అన్నీ. చివర ప్లాస్టరు చూపించింది. యనీన్ పుస్తకంలో రాసుకుంది.

జూన్‌లో ఫెలీసాను పనిముట్లు కడిగే గదికి వేశారు. ఆపరేషను గది ముందు నేల మీద ఎర్రగీత ఉంటుంది, అది దాటకూడదు. మొదటి ఆపరేషను క్రిసోలోగో అనే మినీబస్సు డ్రైవరుకు. ఫెలీసా పనిముట్ల పళ్ళెం పట్టుకుని గీత దగ్గర నిలబడింది. తలుపు ఓరగా తీసి ఉంది.

కుట్లు అయ్యాయి. పంపు ఆపి గుండెను దాని పనికి వదిలారు. కుడివైపు ఉబ్బింది. మళ్ళీ పంపు మీదికి తెచ్చారు. రెండోసారీ అంతే.

"ముప్పైకి తీసుకురా యనీన్," డాక్టర్ గొంతు.

"ఇందులో ముప్పై పడితే యంత్రమే రాసేసుకుంటుంది డాక్టర్. సంఘంవాళ్ళు ఆ రాత చూస్తారు. నా సర్టిఫికెట్టు..."

ఆయన మందులు పెంచమన్నాడు. ఫెలీసా ఎడమచెయ్యి పళ్ళెం కింద అటూ ఇటూ కదిలింది. ఎర్రగీతకు ఇవతల తిప్పడానికి ఏమీ లేదు. మందులు పోసి పోసి, మూడోసారి గుండె అందుకుంది.

మనిషి బతికాడు. నాలుగో రోజుకు కళ్ళు తెరిచాడు, కానీ భార్యను గుర్తుపట్టడానికి ఇంకా రెండు రోజులు పట్టింది. ఫెలీసా చేతి కింద అలాంటివాళ్ళు మర్నాడు పొద్దున్నే సూపు అడిగేవారు. రికార్డులో మాత్రం అన్ని అంకెలూ సరిగ్గా ఉన్నాయి.

ఆ శుక్రవారం యనీన్ కడిగే గదికి వచ్చింది. చేతిలో ప్లాస్టరు ముక్క.

"సోమవారం తనిఖీ ఉంది దోన్యా ఫెలీసా. యంత్రం మీద ఏ రాతా ఉండకూడదన్నారు. పారెయ్యబుద్ధి కాలేదు."

"మంచిపని చేశావు."

"నేను సంఘానికి రాస్తాను. ఇక్కడి లెక్క వేరని."

"రాయి అమ్మాయీ."

యనీన్ ఇంకా ఏదో వింటానన్నట్టు నిలబడి, వెళ్ళిపోయింది. ఫెలీసా తడిచేతులు తుడుచుకుని ఆ ముక్కను నీళ్ళ కుళాయి పక్కన గోడకు అంటించింది. పడిపోయింది. అల్మరా తలుపుకు అంటించింది. దాని జిగురుకు దుమ్ము పట్టి ఉంది, అక్కడా నిలవలేదు. దాన్ని జేబులో వేసుకుని, మిగిలిన కత్తెరలు లెక్కపెట్టి పళ్ళెంలో పేర్చింది.