మౌనంలో జారిన ఆమెన్

"మౌనంగా నిలబడమన్నారు, నిలబడ్డాను. నిమిషం అయ్యేసరికి నా నోరే 'ఆమెన్' అనేసింది. ఏం చెయ్యనే పిల్లా?"

ఉత్తరాలు పంచే మారియెట్ కాఫీ తాగుతూ నవ్వింది. "అంతేనా అత్తా? వేలి మీద సుత్తి పడితే మా ఆయన మన ఊళ్లో అందరిలాగే పూజాపాత్ర, మందసం అంటూ చర్చి సామాన్ల పేర్లన్నీ పెట్టి తిడతాడు. ఆయన్నీ కోర్టుకి లాగుతారా?"

"తిట్లలో దేవుడు ఉండొచ్చే. మీటింగులోనే ఉండకూడదు," అంది జిల్బెర్త్.

క్యూబెక్‌లో నది ఒడ్డునున్న ఆ ఊరి కౌన్సిల్లో ఆమె పెళ్లి కాకముందే గుమస్తాగా చేరింది, తర్వాత సభ్యురాలైంది. ప్రతి మీటింగుకీ ముందు ప్రార్థన చెప్పే పని మొదటినుంచీ ఆమెదే. రోడ్ల మీద మంచు తీయించడం గురించి పోట్లాడుకోబోయేవాళ్లంతా ముందు తలలు వంచేవారు. ఆ కాసేపూ ఊరంతా ఒక్క ఇల్లనిపించేది ఆమెకు. కౌన్సిల్ దేవుణ్ణి నమ్మినవాళ్లదీ నమ్మనివాళ్లదీ కూడానని న్యాయస్థానం తీర్పు చెప్పాక, ప్రార్థన పోయి నిమిషం మౌనం వచ్చింది. ఆ మొదటి మౌనంలోనే ఆమె నోరు జారింది. సభ్యులూ అలవాటుగా "ఆమెన్" అన్నారు. జనం కూర్చునే బల్లల్లోంచి ఒక్కరే లేచి, "ఇది ప్రార్థన కాదా?" అని అడిగారు. ఆ లేచింది జిల్బెర్త్ సొంత చెల్లెలు ఒడెట్.

"అందరిలో పరువు తీసింది కదా," అంది మారియెట్.

"పరువుదేముందే! బయట మెట్ల మీద పట్టుకుని దులిపేశాను. 'దేవుడు నిన్నేం చేశాడే?' అన్నాను. 'ఆయన కాదక్కా. అప్పట్లో నా బిడ్డ పుట్టగానే, జ్ఞానస్నానం అందకుండానే పోతే, ఫాదర్ సమాధుల తోటలోకి రానివ్వలేదు. కంచె అవతల పాతిపెట్టాం. ఆ సాయంత్రం నువ్వు కౌన్సిల్‌కెళ్లి ఎప్పటిలాగే ప్రార్థన చెప్పావు. కిటికీ బయట నిలబడి విన్నాను' అంది."

జిల్బెర్త్ మెడమీద శాలువా సర్దుకుంది. ఆ కంచె ఎప్పుడో పీకేశారు. ఆ చోటెక్కడో ఇప్పుడెవరూ చెప్పలేరు.

"అందరం తలలు వంచాం కాబోలు, చెల్లి బయటుందని ఎవరమూ చూడలేదు. నేను ప్రార్థన మానలేను, మారియెట్. కాని ఆ బిడ్డ కోసం మోకరిల్లితే మాట రావట్లేదు. ఏ పేరు చెప్పను? జ్ఞానస్నానం లేని బిడ్డకి పేరెందుకులే అనుకుని ఎవరూ పేరు అడగలేదు. తోడబుట్టినదాన్ని, నేనూ అడగలేదు."

మారియెట్ లేచి సంచీ భుజానికి తగిలించుకుంది. తర్వాతి వీధిలోనే ఒడెట్ ఇల్లు.

"నేనెళ్తే తలుపు తియ్యదు. నీకు తీస్తుంది. నేను పంపానని చెప్పకు... కాదు, చెప్పు. ఆ బిడ్డకి మనసులో ఏం పేరు పెట్టుకుందో అడిగి రావే, తల్లీ."